ఇంటి లోను: కిస్తీ కన్నా ముందు నెలలు లెక్కపెట్టండి

మీ ఈఎంఐ ఎంత అని అడిగితే ఎవరైనా టక్కున చెప్పేస్తారు. వడ్డీ రేటు ఎంత అంటే కాస్త తడుముకుని చెబుతారు. ఇంకా ఎన్ని నెలలు కట్టాలి అంటే మాత్రం, "ఇరవై ఏళ్లకి తీసుకున్నాం, ఐదేళ్లయింది, ఇంకో పదిహేను" అని నోటి లెక్క అప్పజెబుతారు. ఆ పదిహేను నిజంగా పదిహేనేనా అని బ్యాంకు కాగితం తీసి చూసుకున్నవాళ్లు నాకు తక్కువగానే కనబడ్డారు.

నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో చేసి రిటైరయ్యాను. చివరి ఏళ్లన్నీ ఇంటి లోన్ల సెక్షన్‌లోనే. ఇప్పుడు హైదరాబాద్‌లో మా కేపీహెచ్‌బీ అపార్ట్‌మెంట్‌లో ఆదివారం పూట ఎవరో ఒకరు ఫోన్‌లో స్టేట్‌మెంట్ తెరుచుకుని, "ఆంటీ, ఇది ఒకసారి చూస్తారా" అంటూ వస్తుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. కిస్తీ తగ్గిందా పెరిగిందా అని కాదు, బాకీ ఎంతుంది, ఎన్ని నెలలు మిగిలింది అన్నదే నేను ముందు చూస్తాను.

ముందు మూడు కాగితాలు పక్కన పెట్టుకోండి. ఒకటి శాంక్షన్ లెటర్. అందులో మీ వడ్డీ దేనికి ముడిపడి ఉందో రాసి ఉంటుంది. రెండోది రీపేమెంట్ షెడ్యూల్, అంటే నెలనెలా అసలు ఎంత, వడ్డీ ఎంత అని వరసగా ఉండే పట్టిక. మూడోది తాజా లోన్ స్టేట్‌మెంట్. నెట్ బ్యాంకింగ్‌లో దొరుకుతుంది, లేదంటే బ్రాంచిలో అడిగితే ఇస్తారు. షెడ్యూల్ మాత్రం లోను తీసుకున్న రోజు ఇచ్చిన పాతది కాకుండా ఈ నెలది తీసుకోండి. రేటు మారిన ప్రతిసారీ అది మారిపోతుంది.

కిస్తీలో ఏది ఎటు పోతుంది

మన ఊళ్లలో వడ్డీ లెక్క ఎలా చెబుతారో తెలుసు కదా. నూటికి నెలకు రూపాయి అంటే రూపాయి వడ్డీ, ఏడాదికి 12 శాతం. ముప్పావలా వడ్డీ అంటే 9 శాతం. ఆ లెక్కన 8.5 శాతం ఇంటి లోను అంటే డెబ్బై పైసల పైచిలుకు వడ్డీ. బయట రెండు రూపాయలకు తెచ్చుకునేవాళ్లతో పోలిస్తే ఇది చవకే. కాకపోతే బయటి అప్పు ఏడాదో రెండేళ్లో ఉంటుంది, ఇది ఇరవై ఏళ్లు కూర్చుంటుంది.

50 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లు అనుకుందాం. కిస్తీ 43,391 రూపాయలు. మొదటి నెల ఇందులో వడ్డీ ఎంతో తెలుసుకోవడానికి ఏ యాప్ అక్కర్లేదు. బాకీని వడ్డీ రేటుతో గుణించి 1200తో భాగించండి. 50 లక్షల్ని 8.5తో గుణించి 1200తో భాగిస్తే 35,417 వస్తుంది. అంటే కట్టిన 43,391లో అసలుకు జమ అయ్యేది 7,974. ఏడాదంతా కట్టేది 5 లక్షల 20 వేల పైనే అయినా, బాకీ తగ్గేది లక్షకు ఓ ఐదొందలు తక్కువ. మొదటి ఏడాది స్టేట్‌మెంట్ చూసి "ఇంతేనా!" అని గుండె జారిపోని మనిషిని నేను చూడలేదు. బ్యాంకు మోసం ఏమీ లేదు ఇందులో. బాకీ పెద్దగా ఉన్నంతకాలం వడ్డీ పెద్దగానే ఉంటుంది, ఆ వడ్డీ పోగా మిగిలిందే అసలుకు వెళ్తుంది.

ఈ లోనులో కిస్తీలో సగం అసలుకు పోవడం మొదలయ్యేది ఎప్పుడనుకుంటున్నారు? పన్నెండో ఏడాది చివర్లో. బాకీ 25 లక్షలకు దిగేసరికి దాదాపు పద్నాలుగేళ్లు అవుతుంది. పదేళ్లు కట్టాం కదా, సగం తీరిపోయి ఉంటుంది అనుకుని ఇల్లు అమ్మకానికి పెట్టి, ఫోర్‌క్లోజర్ లెటర్‌లో (లోను మొత్తం తీర్చేయడానికి ఎంత కట్టాలో బ్యాంకు ఇచ్చే కాగితం) అంకె చూసి కౌంటర్ దగ్గర వాదనకు దిగినవాళ్లు ఉన్నారు. ఇరవై ఏళ్లూ రేటు కదలకపోతే మొత్తం కట్టేది కోటీ 4 లక్షలు, అందులో వడ్డీయే 54 లక్షలు.

ఇక్కడ ఒక చిన్న మాట. 1200 లెక్కకూ మీ స్టేట్‌మెంట్‌కూ అచ్చంగా కుదరకపోవచ్చు. చాలా బ్యాంకులు రోజువారీ నిల్వ మీద వడ్డీ కడతాయి. పై లోనుకు రోజు వడ్డీ 1,164 రూపాయలు. అందుకే 31 రోజుల నెలలో వడ్డీ ఆరేడు వందలు ఎక్కువ పడుతుంది, ఫిబ్రవరిలో రెండు వేల ఎనిమిది వందల దాకా తక్కువ పడుతుంది. ఈ మాత్రం తేడాకు కంగారు పడకండి. నెల తప్పకుండా ఎక్కువే చూపిస్తుంటే మాత్రం మీ రేటు మీరనుకున్నదానికన్నా ఎక్కువ ఉన్నట్టే.

రేటు కదిలితే కిస్తీ కదలదు, నెలలు కదులుతాయి

మా మూడో అంతస్తు అబ్బాయి సంగతి చెబుతాను. హైటెక్ సిటీలో ఉద్యోగం. 2021లో 50 లక్షల లోను, అప్పట్లో రేటు 7 శాతం, కిస్తీ 38,765. రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే రేటు, 4 శాతం దగ్గర ఉన్న రోజులవి. 2022 మేలో రిజర్వ్ బ్యాంక్ పెంచడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికి 6.5 చేసింది. అతని లోను రెపోకు ముడిపడినది కాబట్టి 7 కాస్తా 9.5 అయింది. కానీ అకౌంట్లోంచి ప్రతినెలా అదే 38,765 వెళ్తోంది. మెసేజ్ కూడా అదే వస్తోంది. టెన్షన్ ఎందుకు పడతాడు?

ఓ ఆదివారం ఇంకేదో పని మీద వచ్చి స్టేట్‌మెంట్ చూపించాడు. బాకీ 48 లక్షల 20 వేలు. నేను అక్కడే పాత పేపరు అంచు మీద లెక్క వేశాను. 48,20,000ను 9.5తో గుణించి 1200తో భాగిస్తే 38,158. కిస్తీ 38,765. అంటే అసలుకు వెళ్తున్నది 607 రూపాయలు.

"ఆంటీ, ఆరు వందల ఏడు... వేలా?"

"వేలు కాదు బాబూ, రూపాయలే."

అదే కిస్తీ కొనసాగిస్తే ఆ లోను తీరడానికి 500 నెలలు దాటుతుంది, నలభై ఏళ్ల పైమాట. అన్నేళ్లు బ్యాంకు ఒప్పుకోదు కూడా. మీ వయసు పరిమితి తగలగానే "కిస్తీ పెంచండి" అని ఒకేసారి లేఖ వస్తుంది. దానికి ముందే మనమే కదలడం మేలు.

అతనికి రెండు దారులు చెప్పాను. మిగిలిన 18 ఏళ్లలోనే తీరాలంటే 9.5 శాతానికి కిస్తీ 46,653 అవ్వాలి. దాదాపు ఎనిమిది వేలు ఎక్కువ, ఊపిరి ఆడదు. రెండోది, అదే బ్యాంకు ఆ రోజుల్లో కొత్తగా వచ్చేవాళ్లకు 8.6కు ఇస్తోంది. పాత కస్టమరుకు మాత్రం 9.5! రెపో ఇద్దరికీ ఒకటే, రెపో మీద బ్యాంకు వేసుకునే స్ప్రెడ్ తేడా. ఈ స్ప్రెడ్‌ను కొత్తవాళ్లకు ఇచ్చినట్టే నాకూ ఇవ్వండి అని రాతపూర్వకంగా అడిగితే, కొన్ని వేల రూపాయల కన్వర్షన్ ఫీజు, దాని మీద జీఎస్టీ తీసుకుని మారుస్తారు. అతను అలాగే చేశాడు. 8.6కు 18 ఏళ్ల కిస్తీ 43,940 అయింది. 46,653తో చూస్తే నెలకు 2,700 పైన మిగులు. ఫీజు రెండు మూడు నెలల్లోనే వచ్చేసింది.

ఏడాదికి ఒకసారైనా మీ బ్యాంకు వెబ్‌సైటులో కొత్తవాళ్లకు ఏ రేటు చూపిస్తోందో మీ రేటుతో పోల్చండి. అర శాతం తేడా ఉంటే అడగండి. అడగనివాళ్లకు ఎవరూ తగ్గించరు. ఏళ్లపాటు కౌంటరు అవతల కూర్చున్న మనిషిగా చెబుతున్న మాట ఇది.

బ్యాంకు ఒప్పుకోకపోతే ఇంకో బ్యాంకుకు లోను మార్చుకోవచ్చు. కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, మళ్లీ తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి చూసుకోండి. ఇంకా పదేళ్ల పైన గడువుండి, అర శాతం పైన తేడా ఉంటేనే ఈ తిరుగుడు నాకు సబబు అనిపిస్తుంది. చివరి నాలుగైదేళ్లలో మారడం దండగ, అప్పటికి వడ్డీ భాగం ఎలాగూ చిన్నదైపోతుంది.

మీ లోను దేనికి ముడిపడిందో తెలియకపోతే శాంక్షన్ లెటర్ చూడమన్నది ఇందుకే. 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ (మారే రేటు) ఇంటి లోన్లు రెపో లాంటి బయటి కొలమానానికి ముడిపడి ఉండాలి, కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలి. అంతకుముందు తీసుకున్నవాళ్లలో ఇంకా ఎంసీఎల్ఆర్ (బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి తానే లెక్కేసుకునే రేటు) మీద ఉండిపోయినవాళ్లు ఉన్నారు, వాళ్లకు తగ్గింపు నెమ్మదిగా చేరుతుంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ రెపో నిబంధన లేదు, వాటి సొంత రేటు మీద నడుస్తాయి. పక్కింటివాళ్లకు తగ్గింది, మాకు తగ్గలేదేంటి అన్న ప్రశ్నకు జవాబు సాధారణంగా ఇక్కడే దొరుకుతుంది.

2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. రేటు సవరించినప్పుడు దాని ప్రభావం కిస్తీ మీదా గడువు మీదా ఎంతో బ్యాంకు మీకు చెప్పాలి. కిస్తీ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంత కొంతా, లేక కొంత సొమ్ము ముందే కట్టేస్తారా అన్నది మిమ్మల్ని ఎంచుకోనివ్వాలి. మూడు నెలలకోసారి, ఇప్పటిదాకా కట్టిన అసలు, వడ్డీ, మిగిలిన కిస్తీల సంఖ్య చూపించే స్టేట్‌మెంట్ అందుబాటులో ఉంచాలి. ఆ "మిగిలిన కిస్తీలు" అన్న గడినే వెతకండి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత వచ్చే స్టేట్‌మెంట్‌లో ఆ సంఖ్య మూడు తగ్గకపోతే ఏదో మారినట్టే.

రేటు తగ్గినప్పుడు ఏం చేయాలన్నది జనం అసలు పట్టించుకోరు. 2025లో ఫిబ్రవరి నుంచి డిసెంబర్ దాకా రెపో 6.5 నుంచి 5.25కు దిగింది. కొన్ని బ్యాంకులు గడువు తగ్గిస్తాయి, కొన్ని కిస్తీ తగ్గిస్తాయి. కిస్తీ తగ్గితే సంతోషంగానే ఉంటుంది. లెక్క చూడండి: 50 లక్షల 20 ఏళ్ల లోను 8.5 నుంచి 7.5కు దిగితే కిస్తీ 40,280 అవుతుంది. నెలకు 3,111 మిగులు, ఇరవై ఏళ్లకు ఏడున్నర లక్షల లోపు. అలా కాక పాత 43,391నే కడుతూ పోతే 240 నెలల బదులు 204, 205 నెలల్లో లోను తీరుతుంది. ఆ చివరి మూడేళ్ల కిస్తీలు కట్టనక్కర్లేదు, పదిహేను లక్షల పైమాట. 43,391 కట్టడం మీకు అలవాటైపోయింది కదా, అలాగే కట్టండి. "కిస్తీ తగ్గించవద్దు, గడువు తగ్గించండి" అని బ్రాంచికి ఒక లేఖో మెయిలో పెట్టండి.

ముందే కట్టేయడం: ఎప్పుడు, ఎంత, ఏ డబ్బుతో

ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోనుకు ముందే కట్టినందుకు జరిమానా లేదు. ఇది ఏనాటి నుంచో ఉన్న నిబంధన. అయినా "ఛార్జీ పడుతుందేమో" అని భయపడి డబ్బు సేవింగ్స్‌లో ఉంచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

మొదట చెప్పిన 50 లక్షల, 8.5 శాతం లోనులోనే మొదటి ఏడాది చివర లక్ష రూపాయలు అదనంగా కట్టారనుకోండి. కిస్తీ మార్చకుండా ఉంచితే పదకొండు కిస్తీలు ఎగిరిపోతాయి. లక్ష పోను మిగులు 3 లక్షల 80 వేలు. అదే లక్ష పదిహేనేళ్లు అయ్యాక కడితే తగ్గేది మూడున్నర కిస్తీలు, మిగులు 51 వేలు. కాబట్టి బోనస్ వస్తే, ప్లాటు అమ్మితే, మొదటి ఆరేడేళ్లలో కట్టే రూపాయికి ఉన్న బలం తర్వాత ఉండదు. చివర్లో చేతికి డబ్బొస్తే దాంతో పిల్లల చదువు చూసుకోండి.

పెద్ద మొత్తం ఒకేసారి కుదరని ఉద్యోగులకు నాకు నచ్చిన పద్ధతి ఇంకోటి ఉంది. ప్రతి ఏడూ జీతం పెరిగినప్పుడు కిస్తీని 5 శాతం పెంచుకోండి. 43,391 రెండో ఏడాది 45,561, మూడో ఏడాది 47,839. అలా పోతే 20 ఏళ్ల లోను పన్నెండేళ్లు దాటిన రెండు మూడు నెలలకే తీరిపోతుంది. బ్యాంకు కిస్తీ మార్చడానికి పేచీ పెడితే, ఆ అదనపు మొత్తాన్ని నెలనెలా లోన్ అకౌంటుకు పార్ట్ పేమెంట్‌గా పంపండి.

పార్ట్ పేమెంట్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని చోట్ల ఏమీ చెప్పకుండా డబ్బు వేస్తే దాన్ని రాబోయే కిస్తీలకు అడ్వాన్సుగా పక్కన పెడతారు, బాకీ తగ్గదు. కొన్ని చోట్ల కిస్తీ తగ్గించేస్తారు. "అసలుకు జమ చేసి గడువు తగ్గించండి" అన్న మాట కాగితం మీద ఉండాలి. వారం తర్వాత స్టేట్‌మెంట్ తీసి బాకీ నిజంగా తగ్గిందో లేదో చూడండి.

ఇక చీటీలు. మన హైదరాబాద్‌లో చీటీ లేని ఇల్లు ఉందా? "చీటీ పాడుకుని లోనుకు కట్టేస్తాను ఆంటీ" అని అడిగేవాళ్లు ఎక్కువ. మొదట్లోనే పాట పాడి పెద్ద తగ్గింపుకు ఎత్తుకుంటే, ఆ పోగొట్టుకున్నది వడ్డీగా లెక్కవేస్తే ఇంటి లోను వడ్డీని సులువుగా దాటుతుంది. డెబ్బై పైసల అప్పును రూపాయి అప్పుతో తీర్చినట్టు. చివరి దాకా ఆగి, పూర్తి మొత్తం దగ్గరపడ్డాక తీసుకుని లోనులో వేస్తే బాగుంటుంది. అది కూడా రిజిస్టరయిన చిట్‌ఫండ్ అయితేనే.

ఇంటి లోనుకు ముందు తీర్చాల్సినవి వేరే ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ, అది నెలకు మూడు రూపాయల వడ్డీ, కొన్నిటికి ఇంకా ఎక్కువ. ఆ తర్వాత పర్సనల్ లోను. అవి ఉంచుకుని ఇంటి లోనులో బోనస్ పోయడం తలకిందుల పని. ఆరు నెలల కిస్తీకి సరిపడా డబ్బు ఎఫ్‌డీలో లేకుండా కూడా పార్ట్ పేమెంట్ జోలికి పోవద్దు. కట్టిన డబ్బు వెనక్కి రాదు. అలా వెనక్కి తీసుకునే వీలు కావాలంటే ఓవర్‌డ్రాఫ్ట్ తరహా ఇంటి లోను అడగండి. మిగులు డబ్బు అందులో ఉన్నన్ని రోజులు వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే తీసుకోవచ్చు. రేటు మామూలు లోనుకన్నా కొద్దిగా ఎక్కువ ఉంటుంది. చేతిలో డబ్బుంటే ఖర్చుపెట్టే అలవాటున్నవాళ్లకు నేను దీన్ని చెప్పను.

ఆదాయపు పన్ను కోసం లోను ఉంచుకుంటామనేవాళ్లకు ఒక్క లెక్క. సొంతంగా ఉండే ఇంటికి వడ్డీ మీద 2 లక్షల దాకా మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు. 30 శాతం శ్లాబులో ఉన్నా దాంతో మిగిలేది సెస్సుతో కలిపి 62,400. దానికోసం మన 50 లక్షల లోనులో మొదటి ఏడాది కట్టే వడ్డీ 4 లక్షల 21 వేలు.

కట్టుబడిలో ఉన్న ఫ్లాటయితే

తెల్లాపూర్, కొల్లూరు, బాచుపల్లి వైపు కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కొన్నవాళ్ల కష్టం వేరు. బ్యాంకు లోను ఒకేసారి ఇవ్వదు, శ్లాబు పడినకొద్దీ విడతలుగా బిల్డరుకు ఇస్తుంది. ఇచ్చినంతవరకే వడ్డీ తీసుకుంటుంది, దాన్నే ప్రీ ఈఎంఐ అంటారు. 60 లక్షల లోనులో 30 లక్షలు విడుదలైతే 8.5 శాతానికి నెలకు 21,250. ఇందులో ఒక్క రూపాయి కూడా అసలుకు పోదు. ఇటు కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో అద్దె, అటు ఇది. ఫ్లాటు అప్పగింత రెండేళ్లు ఆలస్యమైతే రెండేళ్లూ ఇంతే.

ఓపిక ఉన్నవాళ్లు మొదటి విడత నుంచే పూర్తి కిస్తీ మొదలుపెట్టమని అడగండి, చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. అసలు అప్పటి నుంచే తగ్గుతుంది. "అప్పగించేదాకా వడ్డీ మేమే కడతాం" అని బిల్డరు చెప్పే స్కీముల దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. లోను మీ పేరు మీద ఉంది. బిల్డరు మధ్యలో కట్టడం మానేస్తే బ్యాంకు ఫోన్ చేసేది మీకు, సిబిల్ (అప్పులు ఎలా కట్టారో చూపే రికార్డు) పాడయ్యేది మీది. విడత విడుదలకు ముందు సైటుకు వెళ్లి ఆ శ్లాబు నిజంగా పడిందో లేదో కళ్లతో చూడండి. విడత డబ్బు అడుగుతూ బిల్డరు పంపే డిమాండ్ నోటు వచ్చింది కదా అని సంతకం పెట్టేయకండి.

ఇంకో సంగతి. లోను ఇచ్చేటప్పుడు దాంతోపాటు ఇన్సూరెన్సు అంటగడతారు, ప్రీమియం కూడా లోనులోనే కలిపేస్తారు. లక్షన్నర ప్రీమియం 8.5 శాతం లోనులో కలిస్తే ఇరవై ఏళ్లలో దానికి కట్టేది 3 లక్షల 12 వేలు. ఇన్సూరెన్సు అవసరమే. బయట టర్మ్ పాలసీ తీసుకుంటే లోను మారినా, తీరినా అది మీతోనే ఉంటుంది.

కిస్తీ తేదీ, కిస్తీ తప్పితే

జీతం నెలాఖరున పడితే కిస్తీ 5వ తేదీకి పెట్టించుకోండి. 1వ తేదీ పెట్టుకుంటే జీతం ఒక రోజు లేటైనా బౌన్స్. అటు అకౌంటున్న బ్యాంకు ఛార్జీ, ఇటు లోనిచ్చిన బ్యాంకు ఛార్జీ, మీద జీఎస్టీ, సిబిల్‌లో మచ్చ. సాఫ్ట్‌వేర్ పిల్లలకు దీనికన్నా ఎక్కువ తగిలేది ఉద్యోగం మారినప్పుడు. కొత్త కంపెనీ కొత్త బ్యాంకులో జీతం అకౌంటు తెరుస్తుంది, కిస్తీ మాండేటు (నెలనెలా అకౌంటులోంచి కిస్తీ తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) మాత్రం పాత అకౌంటు మీదే ఉంటుంది. రెండో నెల పాత అకౌంటులో నిల్వ అయిపోతుంది. ఉద్యోగం మారగానే చేయాల్సిన మొదటి పని మాండేటు మార్పించడం. మార్చేలోగా పాత అకౌంటులో రెండు కిస్తీలు వేసి ఉంచండి.

ఉద్యోగం పోయింది, వ్యాపారం దెబ్బతింది, ఈ నెల కట్టలేను అనిపిస్తే కిస్తీ బౌన్స్ కాకముందే బ్రాంచికి వెళ్లండి. బౌన్స్ అయ్యాక వెళ్తే మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది, అవతల మనిషి ఎంత మంచివాడైనా. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉంది. ఆ 90 రోజుల్లోపే గడువు పెంచమని, కొన్నాళ్లు కిస్తీ తగ్గించమని అడగాలి. ఉద్యోగం పోయిన లెటరు, అకౌంటు స్టేట్‌మెంటు తీసుకెళ్లండి. ఒక కిస్తీ తప్పితే రెండోది కలవకుండా ఎలాగోలా చూడండి. రెండు కిస్తీలు ఒకేసారి కట్టడమే కష్టం, మూడు కలిశాక ఎవరి వల్లా కాదు.

వాయిదా దొరికినా అది మాఫీ కాదు. 2020లో కరోనా అప్పుడు మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు కిస్తీ కట్టక్కర్లేదన్నారు. కట్టే స్తోమతున్నవాళ్లు కూడా మారటోరియం తీసుకున్నారు. ఆ ఆరు నెలల వడ్డీ బాకీలో కలిసింది. తర్వాత గడువు ఎందుకు పెరిగిందని మా కౌంటరుకు వచ్చి అడిగారు.

కిస్తీ ఆలస్యమైతే వేసేదాని మీద కూడా ఒక కన్ను వేయండి. పాతకాలంలో పెనల్ ఇంట్రెస్ట్ అని రేటుకు కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేసేవాళ్లు. 2024 నుంచి అమలైన నిబంధన ప్రకారం అది ఛార్జీగా విడిగా చూపాలి, దాని మీద వడ్డీ కట్టకూడదు. స్టేట్‌మెంట్‌లో వేరేలా కనిపిస్తే అడగండి.

లోను తీరిన రోజు

చివరి కిస్తీ వెళ్లిపోయిందన్న మెసేజ్‌తో పని అయిపోలేదు. బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు ఎన్ని ఇచ్చారో లోను ఇచ్చిననాటి జాబితాతో ఒక్కొక్కటి సరిచూసుకోండి. పేజీలు తిప్పి చూడండి, వెనకాల ఉండే ప్లాను కాగితాలు ఒక్కోసారి విడిపోయి ఉంటాయి. లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన, 2023 డిసెంబర్ 1 నుంచి ఉంది.

తనఖా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరయి ఉంటే దాన్ని విడిపించే పత్రం కూడా రిజిస్టర్ చేయించాలి. ఇది బ్యాంకు గుర్తుచేయదు, మనమే వెంటపడాలి. ఓ నెల ఆగి ఈసీ (ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయండి. అందులో ఆ తనఖా విడుదల ఎంట్రీ కనబడాలి. సిబిల్ రిపోర్టులో లోను క్లోజ్‌డ్ అని మారిందో కూడా అదే రోజు చూసేయండి. మారకపోతే నో డ్యూస్ సర్టిఫికెట్ జతచేసి ఫిర్యాదు పెట్టండి.